శాంతి కమిటీని పండగ ముందు రోజు పిలిస్తే సరిపోదు: జిల్లా కలెక్టర్లకు, ఎస్పీలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్లకు, ఎస్పీలకు,

నమస్కారం. నేను రాయలసీమలో ఒక మండల కేంద్రంలో పద్నాలుగేళ్లుగా శాంతి కమిటీ సభ్యుణ్ని. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక ఊరి మీదో ఒక స్టేషన్ మీదో ఫిర్యాదు కాదు. ఈ పద్నాలుగేళ్లలో నలుగురు సీఐలు, ఆరుగురు తహసీల్దార్లు మారారు, అందరూ నన్ను మర్యాదగానే చూశారు. నా బాధ మనుషుల గురించి కాదు, పద్ధతి గురించి.

ఆ పద్ధతి మీకు తెలిసిందే. వినాయక చవితికో మొహర్రానికో రెండు రోజుల ముందు కానిస్టేబుల్ ఫోన్ చేస్తాడు, "సార్, సాయంత్రం నాలుగుకి పీస్ కమిటీ మీటింగ్, తప్పకుండా రావాలి" అని. స్టేషన్ ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. గుడి ధర్మకర్త, మసీదు ముతవల్లి, పాస్టర్ గారు, వ్యాపారుల సంఘం అధ్యక్షుడు, అన్ని పార్టీల నుంచి ఒక్కొక్కరు, ఆ మూలన నేను. డీజే పెట్టకూడదు, ఊరేగింపు ఏ వీధిలో తిరగాలి, నిమజ్జనం ఎన్నింటికి అయిపోవాలి, ఇవీ మాటలు. టీ వస్తుంది. చివర్లో అందరం చేతులు కలిపి ఫోటో దిగుతాం. మరుసటి రోజు జిల్లా పేజీలో ఆ ఫోటో వస్తుంది. ఇది పనికిరాదని నేను అనను. ఆ రాత్రుళ్లు మీ సిబ్బందికి నిద్ర ఉండదని నాకు తెలుసు, సీఐ గారు స్వయంగా మలుపులో నిలబడటం వల్లనే ఆగిన గొడవలు నేను కళ్లారా చూశాను.

కానీ ఆ ఫోటోలో ఉన్న మేమంతా ఒకరికొకరం ఎప్పటి నుంచో తెలిసినవాళ్లం. ఒకరి ఇంట్లో పెళ్లికి ఒకరం పోతాం. మా మధ్య గొడవ ఎప్పుడూ రాదు. గొడవ వచ్చేది ట్రాక్టర్ మీద బాక్సులు కట్టుకుని వచ్చే కుర్రాళ్లకీ, మసీదు వీధి మలుపులో నిలబడే కుర్రాళ్లకీ మధ్య. వాళ్లను ఏ పని కోసమూ ఒక చోట కూర్చోబెట్టిన వాళ్లు లేరు, స్కూలు వదిలాక అసలే లేరు.

ఒక చవితి నిమజ్జనం రాత్రి జరిగింది చెప్తాను. పదకొండు దాటింది. ఊరేగింపు మీద రాయి పడిందని వాట్సాప్‌లో మెసేజ్ తిరిగింది. పావుగంటలో బస్టాండ్ దగ్గర వందమంది పోగయ్యారు. మా కమిటీ పెద్దలు చాలామంది నిద్రపోతున్నారు, ఫోన్లు ఎత్తలేదు. నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి జనం పల్చబడుతున్నారు. ఎవరు ఆపారు అని మర్నాడు కనుక్కుంటే తెలిసింది. మా ఊళ్లో తొమ్మిదేళ్లుగా నడుస్తున్న ఒక డ్వాక్రా గ్రూపులో పదిమంది ఆడవాళ్లు, నలుగురు దూదేకుల ముస్లింలు, ఇద్దరు క్రిస్టియన్లు, మిగతా వాళ్లు బలిజ, బోయ ఇళ్ల వాళ్లు. ఆ మెసేజ్ రాగానే ఒకామె ఇంకొకామెకు ఫోన్ చేసింది. "ఏమక్కా, మీ వీధిలో ఏమైంది, రాయి ఏసినారంట?" "ఎవరు చెప్పిన్యారు? రాయి గీయి ఏం లేదు లేమ్మా, ఆర్చికి కట్టిన ట్యూబ్‌లైటు పగిలింది, నేను ఈడే గడపలో నిలబడుకోనుండా." అంతే. పది నిమిషాల్లో పదిమందికీ విషయం తెలిసింది, ఎవరి కొడుకును వాళ్లు, ఎవరి తమ్ముణ్ని వాళ్లు బస్టాండ్ నుంచి ఇంటికి లాక్కొచ్చుకున్నారు.

ఆ పదిమందిలో ఒక్కరు కూడా శాంతి కమిటీలో లేరు. ఇప్పటికీ లేరు. వాళ్ల మధ్య ఆ నమ్మకం ఎలా వచ్చింది? ప్రతి నెలా ఒక చోట కూర్చుని పొదుపు లెక్క చూసుకుంటారు కాబట్టి. ఒకరు కంతు కట్టలేకపోతే మిగతా తొమ్మిదిమంది సర్ది కడతారు కాబట్టి. తొమ్మిదేళ్లు ఒకరి అప్పుకు ఇంకొకరు పూచీ ఉన్న మనిషి మాట, ఎవరో పంపిన మెసేజ్ కంటే గట్టిది.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకుంటారేమో, కాదు. అశుతోష్ వర్ష్నే అనే రాజనీతి పరిశోధకుడు 1950 నుంచి 1995 దాకా మన దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్ల లెక్కలు తీసి, ఆరు నగరాలను జతలు జతలుగా పోల్చి చూశాడు. అలీగఢ్‌ను కాలికట్‌తో, మన హైదరాబాద్‌ను లక్నోతో, అహ్మదాబాద్‌ను సూరత్‌తో. వీధిలో పలకరించుకోవడం, పండక్కి ఇళ్లకు వెళ్లడం మంచివే గానీ, గట్టి ఒత్తిడి వచ్చినప్పుడు, ముఖ్యంగా పెద్ద ఊళ్లలో, అవి చాలవని ఆయన తేల్చాడు. నిలబడేవి ఏవంటే వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, చదువు కోసం పెట్టుకున్న సంఘాలు లాంటివి, రెండు మతాల వాళ్లు కలిసి నడిపేవి. లక్నోలో చికన్ అనే ఎంబ్రాయిడరీ కుట్టుపని మీద హిందూ వ్యాపారులు, ముస్లిం పనివాళ్లు ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతారు, అల్లరి జరిగితే ఇద్దరి పొయ్యీ ఆరిపోతుంది. 2002లో ఈ పరిశోధన పుస్తకంగా వచ్చింది. మీలో చాలామంది ట్రైనింగ్‌లో చదివే ఉంటారు. చదివినది మన స్టేషన్ ఆవరణలోకి ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

మీ పోలీసు శాఖలోంచే ఇంకో ఉదాహరణ. మహారాష్ట్రలోని భివండి 1970లో, మళ్లీ 1984లో అల్లర్లతో కాలిపోయిన ఊరు. మన పద్మశాలీలు మగ్గాల పని కోసం వలస పోయి స్థిరపడిన ఊరు కూడా, మా చుట్టాల్లో ఇద్దరు అక్కడే ఉన్నారు. 1988లో సురేష్ ఖోపడే అనే డీసీపీ అక్కడ వీధి వీధికీ మొహల్లా కమిటీలు వేయించాడు. పెద్దమనుషులను ఏరి కూర్చోబెట్టడం కాకుండా మామూలు జనాన్ని, రెండు మతాల వాళ్లనూ తీసుకుని, గొడవ ఉన్నా లేకున్నా తరచూ కలిసేలా చేశాడు. కుళాయి తగాదా, ఇంటి తగాదా లాంటి చిన్న విషయాలు కూడా అక్కడే మాట్లాడుకునేవారు. 1992-93లో పక్కనే ఉన్న బొంబాయి తగలబడింది. భివండి తగలబడలేదు.

ఇక రెండో సంగతి. మీరు శాంతి అన్నప్పుడు మనసులో ఉండేది శాంతిభద్రతలు. మాకు దానితో పాటు ఇంకోటి పోతోంది, అది పోతే మీ పని కూడా కష్టమవుతుంది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి మొహర్రానికి లక్షల్లో జనం వస్తారు, అగ్నిగుండం తొక్కుతారు. కుళ్లాయప్ప అనే పేరు హిందువుల ఇళ్లలోనూ ఉంది, ముస్లింల ఇళ్లలోనూ ఉంది. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వెంకన్న దర్శనానికి క్యూలో నిలబడతారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని. నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని మార్చుకునే వాళ్లలో ఎవరిది ఏ మతమో ఎవరూ అడగరు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగం రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించాడు. రాముడి కీర్తన ఆయన ఊపిరిలోంచి వచ్చింది. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథ చెబితే ఊళ్లకు ఊళ్లు తెల్లారేదాకా కూర్చునేవి. వీటిని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే పేరు పడ్డ చోట్లకు ఏదో ఒక ఆదరణ ఉంది. నా భయం పేరు లేని పీర్ల చావిళ్ల గురించి.

మా పక్క పల్లెలో ఒక పీర్ల చావిడి ఉంది. ఆ పల్లెలో ముస్లిం కుటుంబం ఒక్కటి కూడా లేదు, చివరి కుటుంబం నలభై ఏళ్ల కింద బెంగళూరుకు పోయింది. పోతూ పోతూ పీర్ల పెట్టెను ఒక బోయ ఇంటికి అప్పగించి పోయారు. అప్పటి నుంచి ఆ ఇంటి వాళ్లే ముజావర్లు, అంటే పీర్లకు సేవ చేసే వాళ్లు. మొహర్రం నెల పొడుపు కనబడగానే ఆ ఇంటి పెద్దాయన మాంసం మానేస్తాడు, చెప్పులు వదిలేస్తాడు, పీర్లను చింతపండుతో తోమి, దట్టీలు కట్టి నిలబెడతాడు. జనం చక్కెర చదివించుకుంటారు. గుండం తవ్వే వరస ఒక ఇంటిది, కట్టెలు తెచ్చే వరస ఇంకో ఇంటిది, తప్పెట కొట్టేది మాదిగ పేట వాళ్లు, వాళ్లలో సగం మంది ఆదివారం చర్చికి పోయేవాళ్లే. పదో రోజు పీర్లను నీళ్ల దగ్గరికి, జలధికి, తీసుకుపోయేటప్పుడు పాడే పాటలు ఉన్నాయి చూడండి, హుసేను, ఆయన వాళ్లు కర్బలాలో దాహంతో అలమటించిన కథ అంతా మా వంకల పేర్లతో, మా కరువుతో కలిపి పాడతారు. ఆ పాటలు పూర్తిగా వచ్చిన మనిషి ఇప్పుడు ఒక్కరే మిగిలారు, డెబ్బై ఎనిమిదేళ్ల ముసలామె.

ఆ చావిడి పైకప్పు మూడేళ్లుగా కారుతోంది. బాగు చేయించమని మేము అర్జీ పట్టుకుని తిరిగాం. ఒక ఆఫీసులో, ఇది గుడి కాదు కదా, దేవాదాయ శాఖ కిందకు రాదన్నారు. ఇంకో ఆఫీసులో, ఇది మా జాబితాలో లేదు, పైగా ముజావరు ముస్లిం కాదు కదా అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. 1987 దేవాదాయ చట్టం హిందూ సంస్థల కోసం, 1995 వక్ఫ్ చట్టం ముస్లిం ధర్మాదాయ ఆస్తుల కోసం. రెండింటికీ మధ్యలో ఉన్న దానికి గడి లేదు. ఊరంతా కలిసి నాలుగు తరాలుగా మోస్తున్న దాన్ని రాసుకోవడానికి ఒక్క రిజిస్టర్ కూడా లేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఎవరో ఒక శాఖ తీసేసుకోవాలని నేను అడగడం లేదు. తీసుకుంటే ఇది ఎవరిది అనే తగువు ఆ రోజే మొదలవుతుంది. జిల్లా స్థాయిలో ఒక జాబితా రాయించండి చాలు, ఏ ఊళ్లో ఏ చావిడి, ఎవరెవరి వరసలు ఏమిటి, పాటలు ఎవరికి వచ్చు. బాగుచేతకు కలెక్టర్ గారి విచక్షణలో ఉండే నిధుల నుంచి కొంచెం. నలుగురూ కలిసి అడిగినప్పుడు మాత్రమే.

ఆ నలుగురూ కలిసి అడగడం అన్నది మేము చేసి చూశాం. 2016లో మా ఊళ్లో పదకొండు మందిమి ఒక బృందంగా చేరాం. పేరు పెట్టలేదు, రిజిస్ట్రేషన్ లేదు. మొదలైంది ఎక్కడంటే శ్మశానం దారి దగ్గర. మా ఊరికి ఉత్తరంగా ఒక వంక ఉంది, వంక దాటితే ఎడమ పక్క శ్మశానం, కుడి పక్క కబరస్తాన్, కొంచెం ముందుకు క్రైస్తవుల సమాధుల తోట. మూడింటికీ దారి ఒకటే. వాన పడితే మోకాటి లోతు నీళ్లలో పాడె మోయాలి, జనాజా మోయాలి, శవపేటిక మోయాలి. మూడు వర్గాల వాళ్లూ విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు, ఎన్నో ఏళ్లుగా అర్జీలు ఇచ్చుకుంటూ ఉన్నారు. మేము ఆ పాత అర్జీలన్నీ తెచ్చి ఒక బల్ల మీద పరిచాం. మాటలు కూడా ఒకటే, "వర్షాకాలంలో శవాన్ని తీసుకుపోవడానికి మిక్కిలి ఇబ్బందిగా ఉన్నది" అని. ఆ బల్ల చుట్టూ నిలబడ్డప్పుడు మాలో ఎవరికీ కాసేపు మాట రాలేదు. మూడింటినీ కలిపి ఒక్క అర్జీ రాసి, నాలుగు వందల సంతకాలు పెట్టించి, గ్రామసభలో తీర్మానం చేయించి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కించాం. ఉపాధి హామీ నిధులతో ఏడాదిన్నరలో కల్వర్టు వచ్చింది.

2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో, సొంతవాళ్లే శవం దగ్గరికి రాని రోజుల్లో, ఆ కల్వర్టు మీదుగా మా బృందం ఇరవై ఆరు మందిని మోసింది. పీపీఈ కిట్లు ఉతికి ఆరేసుకుని మళ్లీ వేసుకున్న రోజులు ఉన్నాయి, అలా చేయకూడదని తెలిసీ. పాస్టర్ గారి కొడుకు చితికి నిప్పు పెట్టాడు, మా హోటల్ భాయ్ సమాధి తవ్వాడు. అప్పుడు మాతో తిరిగిన కుర్రాళ్లు పదిహేను మంది ఇవాళ్టికీ ఒక గ్రూపులో ఉన్నారు. చవితి రాత్రి నాకు ధైర్యం ఇచ్చేది వాళ్లే.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఒకసారి పక్క మండలంలో చిన్న గొడవ జరిగితే, అక్కడ మాలాగే పనిచేస్తున్న బృందాన్ని పోలీసులు పిలిచి, మీ మీటింగులకు వచ్చే కుర్రాళ్ల పేర్లు ఇవ్వండి అని అడిగారట. వాళ్లు రిజిస్టర్ చూపించారు, ఏముందిలే అనుకుని. ఆ పేర్లలోంచే తొమ్మిదిమందిని తహసీల్దార్ ముందు బైండోవర్ చేశారు, అంటే గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకున్నారు. ఆ తర్వాత ఆ బృందం మీటింగ్‌కు ఒక్క కుర్రాడు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. అయ్యా, ఈ బృందాలను మీరు ఇన్ఫార్మర్ల లాగా వాడుకుంటే అవి ఆ రోజే చచ్చిపోతాయి. మీ కష్టం నాకు అర్థమవుతుంది, మీకు సమాచారం కావాలి. కానీ ఒక్క రాత్రి సమాచారం కోసం పదేళ్ల నమ్మకాన్ని పోగొట్టుకోకండి.

కాబట్టి మేము కోరేది ఏమిటంటే, శాంతి కమిటీలను పండగలు లేని నెలల్లో కూడా కూర్చోబెట్టండి, స్టేషన్‌లో కాకుండా స్కూల్లోనో పంచాయతీ ఆఫీసులోనో. ప్రతి కమిటీకి ఏడాదికి ఒక ఉమ్మడి పని అప్పగించండి, అది శ్మశానం దారి కావచ్చు, చెరువు తూము కావచ్చు, స్కూలు మరుగుదొడ్లు కావచ్చు. పని చిన్నదైనా ఫర్వాలేదు గానీ, మూడు మతాల వాళ్లూ కలిస్తే తప్ప కానిది అయి ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ఇది నేను బతిమాలి అడుగుతున్నాను. మోసేవాళ్లు, తవ్వేవాళ్లు, తప్పెట కొట్టేవాళ్లు, మండపం కట్టే కుర్రాళ్లు ఉండాలి. పార్టీకి ఒకరు చొప్పున వేయడం ఆపండి. 2000 సంవత్సరంలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మొదలైన యునైటెడ్ రెలిజియన్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ ప్రపంచమంతా ఇలాంటి బృందాలను కలుపుతోంది, దాంట్లో చేరాలంటే ఒక నియమం ఉంది: కనీసం ఏడుగురు ఉండాలి, వాళ్లలో కనీసం మూడు మతాల వాళ్లో, సంప్రదాయాల వాళ్లో ఉండాలి. ఏ పని చేయాలో ఆ ఏడుగురే తేల్చుకుంటారు. మన మండలాల్లో ఏడుగురు దొరకరా?

జనం తమంతట తాము సర్దుకోగలరని మీకూ తెలుసు. 2023 సెప్టెంబర్ 28న మిలాద్ ఉన్ నబీ, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు పడ్డాయి. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. చంద్రమానం లెక్కన వాళ్ల పండగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటాయి కాబట్టి ఏదో ఒక పండగ ఎప్పుడూ ఇంకోదానికి ఎదురు వస్తూనే ఉంటుంది, 2018లో, 2019లో చవితి పందిళ్లు ఉండగానే మొహర్రం వచ్చింది. ఎదురు వచ్చిన ప్రతిసారీ మీరు ఫోర్స్ దింపాల్సిన అవసరం లేకుండా చేయడం సాధ్యమే, ఆ ఎదురుబొదురు వచ్చే కుర్రాళ్లు అంతకు ముందు ఏడాదంతా కలిసి ఒక తూము బాగు చేసి ఉంటే.

చివరగా ఒక పని మిగిలి ఉంది. పోయిన ఏడాది మా బృందంలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి, ఆ ముసలామె ఇంటికి పదకొండు సాయంత్రాలు పోయి ఫోన్‌లో పాటలు రికార్డు చేసింది. నలభై ఒక్క పాటలు, మూడు గంటల పైన. మధ్యలో దగ్గు, పక్కన మేక అరుపులు, ఒక పాటలో చరణం గుర్తు రాక ఆమె చాలాసేపు ఆగిపోవడం, అన్నీ ఉన్నాయి. ఆమెకు ఇప్పుడు ఆరోగ్యం బాగాలేదు. ఆ రికార్డింగులు రెండు పెన్‌డ్రైవుల్లో ఉన్నాయి, ఒకటి మా ఇంట్లో, ఒకటి ముజావరు ఇంట్లో పీర్ల పెట్టె పక్కన. మీ జిల్లా కార్యాలయాల్లో వాటిని ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పండి, మేమే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
పద్నాలుగేళ్లుగా మీ పిలుపుకు వస్తున్న
ఒక శాంతి కమిటీ సభ్యుడు